ఖడ్గమృగాల పద్దు

మా నాన్నగారికి తణుకులో ఓ చిన్న బియ్యం కొట్టు ఉండేది. రాత్రి కొట్టు కట్టేసే ముందు ఆయన చేసే ఆఖరి పని చిట్టా రాయడం. పొద్దున ఎన్ని బస్తాలతో మొదలుపెట్టాం, ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి. ఉన్నవి నాలుగే గళ్ళు. లెక్క తేలని రోజున టార్చిలైటు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి, ఒక్కో బస్తాని చేత్తో తడుతూ లెక్కపెట్టేవారు. నేను పక్కన నిలబడి ఆవలిస్తుంటే, "కాగితం మీద బస్తా కడుపు నింపదురా" అనేవారు.

తరవాత నేను బీకాం చదివి, అకౌంటెంటునై, అక్కడా ఇక్కడా తిరిగి చివరికి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరాను. పంచదార మిల్లుల పద్దులు చూశాను, ఓడరేవు గిడ్డంగుల పద్దులు చూశాను. రెండేళ్ళ క్రితం ఒక విచిత్రమైన పద్దు నా కంటపడింది. అందులోనూ అవే నాలుగు గళ్ళు: ప్రారంభ నిల్వ, చేరినవి, తగ్గినవి, ముగింపు నిల్వ. కాని బస్తాల బదులు అందులో ఉన్నవి ఖడ్గమృగాలు! తయారు చేసింది జంతుప్రేమికుల సంఘం కాదు. ఈ దేశపు గణాంక శాఖ, జాతీయ జీవవైవిధ్య సంస్థ కలిసి 2021లో తెచ్చిన చర్చాపత్రం అది. 1970 నుంచి 2017 దాకా దేశంలోని ఖడ్గమృగాల జమాఖర్చు.

అడవి జంతువుకి పద్దు రాయడమేమిటి, ఎందుకు రాస్తారు, ఎలా రాస్తారు అన్న కుతూహలంతో చదవడం మొదలుపెట్టాను. చదివి ఊరుకోకుండా ఓ వారం రోజులు అడవిలో లెక్కపెట్టడానికి కూడా వెళ్ళాను. ఆ చదివిందీ చూసిందీ కలిపి ఈ వ్యాసం.

జీడీపీకి కనబడనిది

ఒక దేశంలో ఏడాదికి ఎంత సరుకు, ఎంత సేవ ఉత్పత్తి అయిందో చెప్పే అంకె జీడీపీ. మన వ్యాపారం భాషలో చెప్పాలంటే అది ఏడాది రాబడిని చూపిస్తుంది, ఆస్తిని చూపించదు. కొట్టులో ఉన్న సరుకంతా అయినకాడికి అమ్మేసి, కొత్త సరుకు కొనకుండా, "ఈ ఏడాది అమ్మకాలు బ్రహ్మాండం" అని సంబరపడే వ్యాపారిని మనం ఏమంటాం? జీడీపీ ఒక్కదాన్నే చూసే దేశం కూడా ఆ పనే చేసే ప్రమాదం ఉంది.

ఖడ్గమృగాన్నే తీసుకోండి. అడవిలో ఒక పిల్ల పుడితే జీడీపీలో ఏమీ కదలదు. వేటగాళ్ళు దాని తల్లిని చంపి కొమ్ము కోసుకుపోయినా ఆ నష్టం ఏ వరసలోనూ పడదు. కాని ఆ చావు తరవాత అదనంగా పెట్టిన కాపలాదారుల జీతాలు, హెలికాప్టరు పెట్రోలు, కంచెకి కొన్న తీగ, ఇవన్నీ జీడీపీలోకి వస్తాయి. అంటే జంతువులు తగ్గుతున్నకొద్దీ ఆ ఖాతాలో అంకె పెరగొచ్చు. లెక్క రాసినవాడు అబద్ధం ఆడలేదు. ఆస్తి అనే పేజీ ఆ పుస్తకంలో లేదు, అంతే.

ఆ లేని పేజీని చేర్చే ప్రయత్నమే ప్రకృతి మూలధన పద్దులు. అడవి, నది, చిత్తడి నేల, వాటిలో బతికే ప్రాణులు మనకి ఏటా ఏదో ఒకటి ఇస్తూ ఉన్న ఆస్తులు; వాటి నిల్వ ఎంత, అది పెరుగుతోందా తరుగుతోందా అని రాసుకోవడం. దీనికి ఐక్యరాజ్య సమితి గణాంక సంఘం నియమాలు తయారు చేసింది. నీరు, కలప, ఖనిజాలు లాంటి వాటికి 2012లో ఒక చట్రం వచ్చింది. జీవావరణాలకి 2021 మార్చిలో మరొకటి వచ్చింది. 2025 మార్చిలో ఆమోదించిన జాతీయ పద్దుల కొత్త నియమావళి అయితే గనులూ అడవుల లాంటి వనరుల తరుగుదలని ఉత్పత్తి ఖర్చుగా చూపమంటోంది. యంత్రం అరిగితే తరుగుదల రాస్తున్నాం కదా, ఇదీ అలాంటిదే.

2021 చట్రంలో ఐదు రకాల ఖాతాలున్నాయి. ఏ రకం భూమి ఎంత విస్తీర్ణంలో ఉంది, అది ఎలాంటి స్థితిలో ఉంది, మనకి ఏమేం ఇస్తోంది, ఇచ్చినదాని విలువ ఎంత, ఆ మొత్తం ఆస్తి విలువ ఎంత. ఇవి కాక పక్కన పెట్టుకునే ప్రత్యేక ఖాతాల్లో ఒకటి జీవజాతుల పద్దు. దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఐదు దేశాలు బ్రెజిల్, చైనా, భారత్, మెక్సికో, దక్షిణాఫ్రికా. అందులో దక్షిణాఫ్రికా ఎంచుకున్న జీవజాతులు రెండు: ఖడ్గమృగాలు, సైకాడ్ అనే మొక్కలు. ముందు ఖడ్గమృగాల సంగతి చూద్దాం.

నాలుగు గళ్ళలో నూట పాతికేళ్ళు

ఆఫ్రికాలో రెండు రకాల ఖడ్గమృగాలున్నాయి. పేరుకి తెల్లది, నల్లది అంటారు గాని రెండూ బూడిద రంగే. తెల్లదాని మూతి వెడల్పు, గడ్డి మేస్తుంది. నల్లదాని పెదవి కొక్కెంలా ఉంటుంది, పొదల ఆకులు తెంపుకు తింటుంది.

దక్షిణ ప్రాంతపు తెల్ల ఖడ్గమృగాలు 1895 నాటికి వంద కూడా లేవు. మిగిలిన ఆ కాసినీ మా రాష్ట్రమైన క్వాజులు-నాటాల్‌లో, ఇంఫొలోజి నదుల దగ్గరే ఉన్నాయి. ఆ ఏడే అక్కడ అభయారణ్యం ప్రకటించారు. 1953లో ఇయాన్ ప్లేయర్ అనే అటవీ అధికారి చిన్న విమానంలోంచి లెక్కపెట్టిస్తే 437 తేలాయి. అంటే ఒకే ఒక్క చోట ఉన్న 437. ఒక్క అంటురోగం వస్తే ఖాతా మూసేసుకోవడమే. 1960లలో ఆయన నాయకత్వంలో వాటికి మత్తుమందు ఇచ్చి, లారీల్లోకి ఎక్కించి, ఇతర పార్కులకీ ఇతర దేశాలకీ పంపడం మొదలుపెట్టారు. అన్ని బస్తాలూ ఒకే గదిలో పెట్టకూడదన్న సూత్రమే. 2012 నాటికి ఆఫ్రికా మొత్తం మీద తెల్లవి 21,000 దాటాయి.

ఇక తగ్గినవి అన్న గడి. 2007లో దక్షిణాఫ్రికాలో దొంగవేటకి పోయినవి 13. 2008లో 83. 2010లో 333. 2013లో 1,004. 2014లో 1,215. తరవాత మెల్లగా తగ్గి 2020లో 394, 2023లో 499, 2024లో 420. 2008 నుంచి 2024 దాకా కలిపితే 10,700 పైచిలుకు. 2024 ఆఖరుకి ఆఫ్రికాలో తెల్లవి 16,000 లోపుకి పడిపోయాయి.

ఇక్కడ అకౌంటెంటు బుద్ధి కొన్ని ప్రశ్నలు వేస్తుంది. మొదటిది, మొత్తం అంకె ఏం దాస్తోంది? నల్ల ఖడ్గమృగాలు 1970 ప్రాంతంలో సుమారు 65,000 ఉండేవి; 1995 నాటికి 2,410కి దిగజారాయి; ఇప్పుడు నెమ్మదిగా కోలుకుని 6,000 దాటాయి. ఒకటి తగ్గుతుంటే ఒకటి పెరుగుతోంది. రెంటినీ కలిపి "ఖడ్గమృగాలు" అని ఒకే వరస రాస్తే ఈ రెండు కథలూ కనబడవు. అలాగే దేశం మొత్తం అంకె చూస్తే క్రూగర్ నేషనల్ పార్క్ కథ తెలియదు. 2011లో అక్కడ తెల్లవి సుమారు 10,600 అని అంచనా, 2020కి 2,607. నాలుగింట మూడు వంతులు పోయాయి. అదే కాలంలో ప్రైవేటు రైతుల భూముల్లో ఉన్నవి ఆ నష్టాన్ని కొంత కప్పిపుచ్చాయి.

రెండో ప్రశ్న, ఏది ఏ ఖాతాలోకి వస్తుంది? జాన్ హ్యూమ్ అనే ఆయన తన పొలంలో ఏకంగా రెండు వేల తెల్ల ఖడ్గమృగాల్ని పెంచాడు. దాణా పెట్టి, కొమ్ములు కోసి దాచి, ఏనాటికైనా అమ్ముకోవచ్చన్న ఆశతో. అవి వన్యమృగాలా, పశువులా? 2023 సెప్టెంబరులో ఆఫ్రికన్ పార్క్స్ సంస్థ వాటన్నిటినీ కొని, పదేళ్ళలో అడవుల్లో వదులుతామని ప్రకటించింది. అవే జంతువులు ఒక ఖాతాలోంచి మరో ఖాతాలోకి మారతాయి. దాన్ని "చేరినవి" అని రాసి ఊరుకుంటే చదివేవాడు పిల్లలు పుట్టాయనుకుంటాడు. అందుకే పుట్టినవి వేరు, తరలించినవి వేరు, తిరిగి వర్గీకరించినవి వేరు అని చూపించాలి.

మూడోది ఇంకా చిక్కైనది. తెల్ల ఖడ్గమృగం పదహారు నెలలు మోసి ఒక్క పిల్లని కంటుంది. రెండున్నర, మూడేళ్ళకి గాని మళ్ళీ ఈనదు. తల్లిని వేటగాడు చంపితే "దొంగవేట" గడిలో ఒకటి పడుతుంది. పాలు లేక వారం తరవాత పిల్ల చచ్చిపోతే? దాని ఒంటి మీద తూటా దెబ్బ ఉండదు కాబట్టి "సహజ మరణం" గడిలో పడే ప్రమాదం ఉంది. గళ్ళు సరిగ్గా గీసుకోకపోతే పద్దు సరిగ్గా కుదురుతుంది గాని నిజం చెప్పదు.

కాలినడకన లెక్క

ఇంతవరకూ చెప్పిన అంకెలు ఎక్కణ్ణించి వస్తాయి? జంతువులు బస్తాల్లా వరసగా నిలబడవు కదా. ఈ సందేహం తీర్చుకోవడానికే మా పక్కింటి పెద్దాయన్ని పట్టుకున్నాను. ఆయన తాతగారి తండ్రి చెరకు తోటల్లో పని చెయ్యడానికి మద్రాసు నుంచి ఓడెక్కి వచ్చిన తెలుగువాడు. ఈయన బడి పంతులుగా రిటైరై, ఏటా అడవిలో జంతువుల లెక్కకి వాలంటీరుగా వెళ్తుంటారు. పోయిన చలికాలం నన్నూ తీసుకెళ్ళారు. ఏ అభయారణ్యమో పేరు చెప్పను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

పని చూడటానికి చాలా తేలిక. మ్యాపు మీద ముందే గీసిపెట్టిన తిన్నని గీతల వెంబడి పొద్దున్నే నడవాలి. ముందు తుపాకీ పట్టుకుని జులూ గార్డు, వెనక నేను. చేతిలో జీపీఎస్, దిక్సూచి, దూరం కొలిచే లేజరు పరికరం, ఒక ఫారం. ఏదైనా జంతువు కనబడితే ఆగి, ఏది, ఎన్ని, ఎంత దూరంలో, మన గీతకి ఎంత కోణంలో అని రాసుకోవాలి. దూరమూ కోణమూ తెలిస్తే మనం హైస్కూల్లో చదివిన త్రికోణమితితో గీతకి ఆ జంతువు ఎంత ఎడంగా ఉందో తేలిపోతుంది.

రెండో రోజు ఒక చోట గార్డు చటుక్కున చెయ్యెత్తి ఆగాడు. నాకేమీ కనబడలేదు. ముళ్ళపొదల వెనక ఓ బూడిదరంగు చెదపుట్ట ఉంది, అంతే. ఆయన పెదవి మీద వేలు పెట్టుకుని చెవి వైపు చూపించాడు. ఏదో పిట్ట గరగరమంటోంది. ఖడ్గమృగాల వీపు మీద వాలి గోమార్లు ఏరుకు తినే పిట్ట అది. అప్పుడు ఆ చెదపుట్ట చెవి కదిలించింది. అరవై మీటర్లు కూడా లేదు. గార్డు లేకపోతే నా ఫారంలో ఆ జంతువు ఉండేది కాదు.

మరి గార్డుకీ కనబడనివి ఎన్నో! కనబడనివాటిని ఎలా లెక్కపెడతారు? ఇక్కడే ఈ పద్ధతిలో అసలు చమత్కారం ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను. అంకెలు నేను కల్పించినవే. అన్ని నడకలూ కలిపితే గీతకి 25 మీటర్లలోపు 40 జంతువులు కనబడ్డాయనుకుందాం. 25 నుంచి 50 మీటర్ల మధ్య 38. 50 నుంచి 75 మధ్య 25. 75 నుంచి 100 మధ్య 12. మొత్తం 115. గీతని మనం మ్యాపు మీద గుడ్డిగా గీశాం. జంతువులకి ఆ సంగతి తెలియదు. కాబట్టి దగ్గరి పట్టీలో ఎన్నున్నాయో దూరపు పట్టీలోనూ సగటున అన్నే ఉండాలి. అంటే నాలుగు పట్టీల్లో నలభయ్యేసి, మొత్తం 160. మనకి కనబడినవి 115. తప్పిపోయినవి 45. అంటే వందకి 72 మాత్రమే మన కళ్ళకి ఆనుతున్నాయన్న మాట. కనబడిన వాటి దూరాలే కనబడని వాటి సంఖ్యని చెప్పేస్తున్నాయి! తరవాత మనం నడిచిన మేర ఎంత, అడవి మొత్తం ఎంత అని హెచ్చవేస్తే అడవిలోని జంతువుల అంచనా వస్తుంది.

ఇది నిలబడాలంటే మూడు షరతులు. గీత మీదే ఉన్న జంతువు ఒక్కటి కూడా తప్పిపోకూడదు. మన అలికిడికి పారిపోకముందే దాని చోటు కొలవాలి. దూరం ఉజ్జాయింపుగా కాకుండా పరికరంతో కొలవాలి. మూడో షరతు ఎందుకో మొదటి రోజే తెలిసింది. నేను వంద మీటర్లని చెప్పినది లేజరు పెడితే అరవై ఎనిమిది.

అన్ని చోట్లా ఇదే పద్ధతి కాదు. క్రూగర్ ఇంచుమించు 20,000 చదరపు కిలోమీటర్లు. అక్కడ అడవిని గళ్ళుగా విడగొట్టి, కొన్ని గళ్ళు ఎంచుకుని హెలికాప్టరులోంచి లెక్కపెడతారు. చెట్ల కింద ఉండి పైనుంచి కనబడనివాటికి దిద్దుబాటు చేస్తారు. నల్ల ఖడ్గమృగాలకి చిన్నప్పుడే చెవుల అంచున గాట్లు పెట్టి ఒక్కోదానికి ఒక్కో నెంబరు ఇస్తారు. అది దాదాపు మన ఆధార్ కార్డు లాంటిది.

ఏ పద్ధతైనా చివరికి వచ్చేది ఒక అంకె కాదు, ఒక అంకెల మేర. "1,000 ఉండొచ్చు, 850కీ 1,150కీ మధ్య" అన్నట్టు. నాబోటి అకౌంటెంటుకి ఇది మింగుడు పడదు. మా పద్దులు పైసాతో సహా కలవాలి. కాని ఆలోచిస్తే ఇదే నిజాయితీ అనిపించింది. పోయినేడు 1,000, ఈ ఏడు 950 అయితే "50 తగ్గాయి" అనడానికి లేదు. ఆ తేడా మన కళ్ళ పొరపాటులోనే ఇమిడిపోవచ్చు. నాలుగైదేళ్ళు వరసగా అదే పద్ధతిలో లెక్కపెడితే గాని దారి ఎటు పోతోందో తెలియదు.

కాగితం మీద పులులు

పద్ధతి తప్పితే ఏమవుతుందో మన దేశమే చూసింది. ఒకప్పుడు పులులని పాదముద్రలని బట్టి లెక్కపెట్టేవారు. 2002 ప్రాంతంలో దేశంలో 3,600 పైచిలుకు పులులున్నాయన్నది అధికార లెక్క. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పదిహేనుకి పైగా పులులుండేవి. 2005లో తీరా వెతికితే ఒక్కటి లేదు. అన్నిటినీ వేటగాళ్ళు తినేశారు; చిట్టా మాత్రం పచ్చగా ఉంది. మా నాన్నగారు గుర్తొచ్చారు, ఆ బస్తాలని ఎవరూ చేత్తో తట్టి చూడలేదు.

ఆ తరవాత పద్ధతి మార్చి, అడవిలో కెమెరాలు అమర్చి, ఒక్కో పులినీ దాని చారల్ని బట్టి గుర్తించడం మొదలుపెట్టారు. 2006 నాటి అంచనా 1,411. అదే 2022కి 3,682. ఇందులో మెలిక గమనించారా? 3,600 నుంచి 1,411కి అన్నది నాలుగేళ్ళలో చచ్చిపోయిన పులుల సంఖ్య కాదు. రెండు వేరువేరు కొలబద్దల మధ్య తేడా. పద్ధతి మారినచోట పద్దులో ఎర్ర గీత గీసి, "ఇక్కడినించి కొత్త లెక్క" అని రాయాలి.

తలలు లెక్కపెట్టలేనప్పుడు

కొన్ని జీవజాతుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కుదరదు. సైకాడ్లు అలాంటివి. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటాయి. డైనోసార్ల కాలం నాటి వంశం. దక్షిణాఫ్రికాలో ముప్పై ఏడో ఎనిమిదో జాతులున్నాయి. తోటల్లో పెంచుకునేవాళ్ళ మోజు వల్ల కొండల మీంచి దొంగతనంగా పెకలించుకుపోతున్నారు. 2014లో కేప్‌టౌన్‌లోని కిర్‌స్టెన్‌బాష్ వృక్షశాలలోనే ఇరవైకి పైగా మొక్కలు దొంగలెత్తుకుపోయారు.

వీటి పద్దులో గళ్ళ నిండా మొక్కల సంఖ్య కాకుండా, ఏ ప్రమాద స్థాయిలో ఎన్ని జాతులున్నాయో రాశారు. 1970లో ఒక్కో స్థాయిలో ఎన్ని, 2010కి ఎన్ని, ఈ నడుమ ఎన్ని ఒక మెట్టు కిందకి జారాయి. బ్యాంకులు బాకీలని మంచివి, అనుమానమైనవి, రానివి అని విడగొడతాయి చూడండి, సరిగ్గా అలాగ.

డర్బన్ వృక్షశాలలో ఒక సైకాడ్ ఉంది. ఆదివారాలు పిల్లల్ని తీసుకుని అటు వెళ్తుంటాం. 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే ఆయన ఓంగోయె అడవిలో కనిపెట్టిన జాతి. అక్కడ దొరికింది ఒకే ఒక్క గుంపు, అదీ మగది. ఎంత వెతికినా ఇంతవరకు ఆడమొక్క దొరకలేదు. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో తోటల్లో ఈ మొక్కలున్నాయి. అన్నీ ఆ ఒక్కదాని పిలకలే. సంఖ్యలో వందలు, నిజానికి ఒక్కటే. అడవిలో నిల్వ సున్నా. ముగింపు నిల్వ ఎంత అని నన్నడిగితే ఏ గడిలో ఏం రాయాలో నాకు తెలియదు. తలల లెక్క ఒక్కటే చాలదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

వెల కడితే?

మూలధనం అన్నాక డబ్బులో చెప్పాలి కదా అంటారు చాలామంది. మంత్రులకి రాండ్లలో చెప్తేనే అర్థమవుతుందన్నది నిజమే. కాని ఇక్కడ ఒక గోతిని చూసి నడవాలి. మళ్ళీ ఒక కల్పిత ఉదాహరణ. వెయ్యి జంతువులున్నాయి, ఒక్కోదాని ధర వంద. ఆస్తి లక్ష. కొన్నేళ్ళకి నాలుగు వందలే మిగిలాయి. అరుదైపోయాయి కాబట్టి ధర మూడు వందలకి పెరిగింది. ఆస్తి లక్షా ఇరవై వేలు! సగానికి పైగా చచ్చిపోయాయి, పద్దులో మాత్రం ఆస్తి ఇరవై శాతం పెరిగింది. కొమ్ము అంతర్జాతీయ వ్యాపారం మీద 1977 నుంచి నిషేధం ఉంది. దొంగబజారు ధర మాత్రం సరిగ్గా ఇలాంటి లాజిక్కుతోనే నడుస్తుంది.

అలాగని వెల అన్నది వట్టి మోసం కాదు. రాబందుల కథే చూడండి. 1990లలో మన దేశంలో పశువులకి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాడటం పెరిగింది. ఆ మందు పడ్డ గొడ్డు చస్తే, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడైపోయేవి. మూడు జాతులు కుప్పకూలిపోయాయి. కారణం 2004లో బయటపడింది, 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. కళేబరాలు కుళ్ళి, నీళ్ళు పాడై, కుక్కలు పెరిగాయి. 2024లో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్, రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలనీ లేని జిల్లాలనీ పోల్చి చూశారు. 2000 నుంచి 2005 దాకా సుమారు ఐదు లక్షల అదనపు మరణాలు దీనివల్లేనని వాళ్ళ అంచనా. నష్టం ఏటా 69 బిలియన్ డాలర్ల పైమాట. రాబందు ఏమిచ్చేదో అది పోయాక తెలిసింది. ముందే ఎవరైనా రాబందుల పద్దు ఏటా రాసి ఉంటే, వెల కట్టకపోయినా సరే, ముగింపు నిల్వ చూసి ఎవరో ఒకరు ఉలిక్కిపడేవారు.

అందుకే నాకు అర్థమైనది ఇది: లెక్కపెట్టడం వేరు, వెలకట్టడం వేరు. మొదటిది లేకుండా రెండోది చెయ్యకూడదు. డబ్బు గడి ఉంటే ఉండనివ్వండి. కాని దాని పక్కనే తలల గడి తప్పకుండా ఉండాలి, ముందు ఆ గడే చదవాలి.

పద్దు దేనికి పనికొస్తుంది

ఇదంతా కాగితాల పనే కదా అని మీరు అడగొచ్చు. 2017 నుంచి 2023 దాకా క్రూగర్ చుట్టుపక్కల అభయారణ్యాల లెక్కల్ని పరిశోధకులు వరసగా పేర్చి చూశారు. ఎనిమిది చోట్ల 2,284 ఖడ్గమృగాలకి కొమ్ములు కోసేశారు. దానికి నొప్పి ఉండదు. మన గోళ్ళలాగే మళ్ళీ పెరుగుతాయి. ఆ చోట్ల దొంగవేట 78 శాతం తగ్గింది. మొత్తం కాపలా ఖర్చులో దీనికి అయింది 1.2 శాతం. ఎన్నున్నాయి, ఎన్ని పోయాయి, ఎంత ఖర్చయింది, ఈ మూడూ ఒకే పుస్తకంలో ఉన్నాయి కాబట్టే 2025లో ఈ సంగతి చెప్పగలిగారు. మా రాష్ట్రంలోని హ్లుహ్లువే-ఇంఫొలోజిలో 2023లో 307 పోయాయి. 1895లో ఆఖరి వందలోపు బతికి బట్టకట్టిన చోటే అది! 2024 ఏప్రిల్‌లో అక్కడా కొమ్ములు కోయడం మొదలుపెట్టారు. ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద పోయినవి 232.

మా నడకలో ఆఖరి రోజున వాగు ఒడ్డున ఎముకలు కనబడ్డాయి. పాతవే, మూతి భాగం గొడ్డలితో నరికినట్టుంది. గార్డు టోపీ తీసి పట్టుకుని కాసేపు చూశాడు. ఫారంలో దానికీ ఒక గడి ఉంది. నేను "1" వేశాను. రాస్తుంటే చెయ్యి కొంచెం తడబడింది. బస్తాల లెక్కలో నాకెప్పుడూ అలా కాలేదు.

సాయంత్రం క్యాంపులో ఫారాలు తీసుకుంటూ అక్కడి అధికారి మా ఫోన్లలో ఖడ్గమృగాల ఫోటోలు ఉంటే చోటు వివరాలు తీసెయ్యమని, ఎన్ని చూశామో ఇంటర్నెట్టులో పెట్టొద్దని చెప్పాడు. ఫోటోతో పాటు అక్షాంశ రేఖాంశాలు కూడా వెళ్తాయి. అవి చూసి వచ్చేవాళ్ళుంటారు. ఉన్నదంతా బయటపెట్టడమే మా వృత్తిలో మొదటి ధర్మం. ఇక్కడ బయటపెడితే నిల్వ తరిగిపోతుంది. దేశం మొత్తం అంకె అందరికీ చెప్తారు, ఏ మూల ఎన్ని ఉన్నాయో మాత్రం చెప్పరు. ఆ అభయారణ్యం పేరు నేను చెప్పకపోవడానికి కారణం అదే.

తిరిగి వస్తుంటే కారులో మా పక్కింటి పెద్దాయన అడిగారు, వచ్చే లెక్కకి కూడా వస్తావా అని. వస్తానన్నాను. ఒక ఏడాది లెక్కతో ఏమీ తేలదు కదా.